ఒంటిగా పోయేవాడి బండి

మా అక్క కొడుకు 2023 ఆగస్టులో ఆరెక్స్ హండ్రెడ్ కొన్నాడు. అంతకు ముందు నెలే మదనపల్లె మార్కెట్లో కిలో టమోటా రెండొందల దరిదాపుల్లోకి పోయింది. మీరంతా టమోటా మీద మీమ్స్ పంచుకున్న నెల అది. పుంగనూరు దగ్గర మా అక్కావాళ్ళ ఎకరంన్నర కాయ సరిగ్గా ఆ పదిహేను రోజుల్లోనే కోతకొచ్చింది. బ్యాంకు అప్పు తీరింది, బోరు మోటారు బాగైంది, మిగిలిన దాంట్లో లక్షా నలభై వేలు పెట్టి వాడు 1994 మోడల్ బండిని తోలుకొచ్చాడు. వాడికి ఇరవై రెండేళ్ళు. బండి వాడికంటే ఏడేళ్ళు పెద్దది.

నేను బెంగళూరు నుంచి పోయేసరికి ఇంటి ముందు వేపచెట్టు కింద దాన్ని నిలబెట్టి, గుడ్డతో ట్యాంకు తుడుస్తా ఉన్నాడు. బాగుందిరా అన్నాను. బాగుంది కూడా. అంతటితో ఊరుకుని ఉంటే ఈ వ్యాసం అవసరం ఉండేది కాదు. నేనే నోరూరుకోక, ‘మీ తాత యెజ్డీని మాత్రం నాతో అమ్మించి, ఇప్పుడు నువ్వు దీన్ని కొన్నావా’ అన్నాను. వాడు గుడ్డ దులిపి, ‘తాతది గాడిద మామా. ఇది జింక’ అన్నాడు.

ఆ మాట వాడిది కాదు. మా అక్క కొడుకు గాడిదని చూశాడు గానీ జింకని ఎప్పుడు చూశాడు! ఆ మాట వాడి ఫోన్లోంచి వచ్చింది. రీల్స్ లోంచి, యూట్యూబు ‘నోస్టాల్జియా’ లోంచి, మనలాంటి పత్రికల్లో అప్పుడప్పుడూ వచ్చే, నాన్న బండి మీద కూర్చున్న బాల్యాన్ని వాసనతో సహా వర్ణించే గద్యంలోంచి వచ్చింది. కాబట్టి నా గొడవ వాడితో కాదు. మీతోనే.

ఆరెక్సా, యెజ్డీయా అనేది మావైపు పాత కొట్లాట. మదనపల్లె బీటీ కాలేజీ గేటు ముందు, పుంగనూరు బస్టాండులో టీ అంగళ్ళ దగ్గర, కుప్పం రైల్వే స్టేషన్ బయట ఒకప్పుడు ఇది రోజూ నడిచేది. కుప్పంలో అయితే తెలుగులో మొదలై తమిళంలో ముదిరి కన్నడంలో రాజీకొచ్చేది. అప్పుడది సరదా. ఎందుకంటే వాదించేవాళ్ళు ఆ బండ్లు నడిపేవాళ్ళే, వాటికి రిపేర్లు చేయించుకునేవాళ్ళే. ఇప్పుడు వాదించేవాళ్ళకి బండ్లు అక్కర్లేదు. జపాన్ అంటే చురుకు, కచ్చితం. చెకొస్లోవేకియా అంటే మొద్దు, ఇనుము, కమ్యూనిస్టు బరువు. దేశానికొక స్వభావం అంటగట్టి, ఆ స్వభావం ఇంజన్లో వినిపిస్తుందని రాస్తారు. సైలెన్సర్ చప్పుడులో జాతి ఆత్మని వినే చెవులు మనవాళ్ళకి ఎప్పటినుంచి వచ్చాయో!

ముందు ఈ దేశాల కథ తేల్చుకుందాం.

యెజ్డీని ‘చెక్ బండి’ అంటారు. జావా అనే పేరు 1929లో పుట్టింది. ప్రాగ్‌లో ఆయుధాల కార్ఖానా నడిపే యానెచెక్ అనే ఆయన జర్మనీలోని వాండరర్ కంపెనీ దగ్గర మోటారు సైకిలు హక్కులు కొన్నాడు. ఆయన పేరులో మొదటి ముక్క, వాళ్ళ పేరులో మొదటి ముక్క కలిపితే జావా. 1961 నుంచి దాన్ని మైసూరులో తయారు చేసింది రుస్తుం ఇరానీ పెట్టిన ఐడియల్ జావా. డెబ్బైల్లో పేరు మార్చుకోవాల్సి వచ్చినప్పుడు యెజ్డీ అన్నారు, ఇరాన్‌లోని యజ్ద్ ఊరి పేరు మీద. అంటే జర్మన్ పేరు ముక్క తగిలించుకున్న చెక్ డిజైను, పార్సీల పెట్టుబడి, ఇరానీ ఊరి పేరు, మైసూరు కార్మికుల చేతులు. దీంట్లో చెక్ ఆత్మ ఎక్కడుందో నాకు చూపించండి.

ఆరెక్స్ సంగతి? యమహా మొట్టమొదటి మోటారు సైకిలు 1955 నాటి వైఏ-వన్. అది జర్మనీ వాళ్ళ డీకేడబ్ల్యూ ఆర్టీ 125ని చూసి చేసింది. యమహా వాళ్ళు దాన్ని దాచుకోరు కూడా. మనకి ఆరెక్స్ 1985లో ఎస్కార్ట్స్ ద్వారా వచ్చింది. ఆ ఎస్కార్ట్స్ అంతకు ముందు నుంచీ మన పల్లెలకి అమ్మిన రాజ్‌దూత్ పోలెండు బండి. ఇంకో తమాషా. 1932లో జర్మనీలో నాలుగు కంపెనీలు కలిసి ఆటో యూనియన్ అయ్యాయి. ఇవాళ ఆడీ కారు ముందు కనబడే నాలుగు వలయాలు అవే. ఆ నాలుగింట్లో ఒకటి వాండరర్, ఒకటి డీకేడబ్ల్యూ. జింకా గాడిదా ఒకే అమ్మమ్మ మనవళ్ళు. పండక్కి ఒకే ఇంటికి రావాల్సినవాళ్ళని మీరు రెండు జాతులుగా చీల్చి కొట్టిస్తున్నారు.

ఇది మనకొక్కరికే పట్టిన పిచ్చి కాదు. కార్ల ప్రపంచంలో దీనికి పెద్దన్న ఉన్నాడు. 1962లో ఇంగ్లండులో లోటస్ వాళ్ళు ఎలాన్ అనే రెండు సీట్ల కారు తెచ్చారు. ఫైబర్‌గ్లాస్ ఒళ్ళు, లోపల వెన్నెముకలాంటి ఉక్కు చట్రం, బరువు 700 కిలోల లోపే. దాని కర్త కాలిన్ చాప్‌మన్‌కి తేలికదనం ఒక మతం. ఆ కారు నడిపినవాళ్ళు ఇవాళ్టికీ దాని స్టీరింగు గురించి గుళ్ళో మాట్లాడినట్టు మాట్లాడతారు. ఆ ఆరాధకులే వర్షమొస్తే నీళ్ళు కారడం గురించి, కరెంటు వైర్ల గురించి గొంతు తగ్గించి చెబుతారు. 1989లో మాజ్డా వాళ్ళు ఎంఎక్స్-ఫైవ్ తెచ్చారు. ఎలాన్‌ని శ్రద్ధగా చదువుకుని, దానికంటే రెండొందల యాభై కిలోలు పైగా బరువుండేలా, పొద్దున తాళం తిప్పితే స్టార్టయ్యేలా చేశారు. లోకం దాన్ని పది లక్షలకి పైగా కొనుక్కుంది. ఇక్కడ గమనించండి, తేలికైనది ఇంగ్లీషువాడిది, బరువైనది జపానోడిది. మన దగ్గర తేలికైనది జపానోడిది. దేశాల స్వభావం అనే సిద్ధాంతం పుంగనూరు దాకా వచ్చేసరికి తలకిందులైపోయింది పాపం.

సరే, దేశాలు వదిలేస్తాను. ‘తేలిక’ దగ్గరికొస్తాను. నా అసలు కోపం దాని మీదే.

ఆరెక్స్ బరువు 103 కిలోలు, 11 హార్స్‌పవర్. యెజ్డీ రోడ్‌కింగ్ బరువు దాదాపు 140 కిలోలు, 16 హార్స్‌పవర్. నాలుగైదు కిలోలు అటూ ఇటూ అయినా లెక్క మారదు. వంద కిలోలకి ఎంత బలం వస్తుందో చూడండి. ఖాళీ బండ్లు పక్కపక్కన పెడితే ఆరెక్స్‌కి 10.7, యెజ్డీకి 11.4. జింక అప్పుడే కాస్త వెనకబడింది. 65 కిలోల మనిషిని కూర్చోబెట్టండి. ఆరెక్స్ 6.5, యెజ్డీ 7.8. ఇప్పుడు వెనకాల రెండు పాలక్యాన్లు కట్టండి, ఒక్కోటి నలభై లీటర్లు. క్యాన్ల బరువు వదిలేసి పాలు ఎనభై కిలోలే అనుకుందాం. ఆరెక్స్ 4.4, యెజ్డీ 5.6. బరువు పెరిగేకొద్దీ నిష్పత్తిలో తేడా పెరుగుతా పోతుంది. కాగితం మీద ఐదో తరగతి పిల్లాడు వేసే లెక్క ఇది. ముప్పై ఏళ్ళుగా చప్పుడు గురించి రాస్తున్న ఒక్కరు కూడా దీన్ని వెయ్యలేదు.

మరి ఆరెక్స్ ఎందుకు ఎగిరినట్టు ఉంటుంది? ఎగురుతుంది, కాదనను. నేనూ నడిపాను. 2005లో స్నేహితుడి ఆరెక్స్ మీద హార్స్‌లీ హిల్స్ ఘాట్ ఎక్కినప్పుడు, రెండో గేరులో ఒంపు దాటి యాక్సిలేటరు తిప్పగానే ముందు చక్రం రోడ్డుని మరిచిపోయిన ఆ అర క్షణం నాకింకా అరచేతుల్లో ఉంది. దాని సిలిండరు అడ్డం యాభై మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం కూడా యాభై మిల్లీమీటర్లే. చిన్న పిస్టన్, చిన్న ప్రయాణం, నిమిషానికి ఏడున్నర వేల చుట్లు తిరుగుతుంది. నువ్వు అడిగిన మరుక్షణం ‘ఏం సామీ’ అంటుంది. యెజ్డీ పిస్టన్ కదిలే దూరం డెబ్బై ఐదు మిల్లీమీటర్లు. ఐదు వేల చుట్లు కూడా దాటకముందే దాని బలమంతా ఇచ్చేసి ఉంటుంది. అది అడిగితే ఆలోచించి చెబుతుంది. కానీ చక్రాన్ని తిప్పే పట్టు మాత్రం ఆరెక్స్‌కి రెట్టింపు పైమాటే. ఆరెక్స్ గొప్పతనం జవాబివ్వడంలో ఉంది, మొయ్యడంలో లేదు. అడగ్గానే జవాబిచ్చేదాన్ని ఎవరు ప్రేమిస్తారు? వెనక ఎవరినీ, దేన్నీ కట్టుకోకుండా పోయేవాడు. ఆరెక్స్ ఒంటిగా పోయేవాడి బండి.

మా నాయన ఎప్పుడూ ఒంటిగా పోలేదు. 1991లో సెకండ్ హ్యాండులో యెజ్డీ కొన్నాడు. వెనక ఇనప కమ్మీల చట్రం వెల్డింగు చేయించి, అటొక క్యాను ఇటొక క్యాను వేలాడదీసి, పైన మూడోది పడుకోబెట్టి, పొద్దున నాలుగున్నరకి బయల్దేరేవాడు. చుట్టుపక్కల నాలుగు పల్లెల పాలు పట్టుకుని, పుంగనూరులో రెండు హోటళ్ళకి పోసి, మిగతావి మదనపల్లెకి. సెలవుల్లో నన్ను ట్యాంకు మీద కూర్చోబెట్టుకునేవాడు. చలికాలం ఆ ట్యాంకు మంచుగడ్డ. మోకాళ్ళ దగ్గర మాత్రం ఇంజను వేడి తగిలేది. మిట్ట ఎక్కేటప్పుడు బండి గొంతు దిగిపోయి ‘డుబ డుబ డుబ’ అని ఒక్కో అడుగు లెక్కపెట్టుకున్నట్టు ఎక్కేది. ఆగేది కాదు. నిండు క్యాన్లతో ఆగితే మిట్టలో మళ్ళీ కదిలించడం ఎంత కష్టమో నాయనకి తెలుసు, ఆ బండికీ తెలిసినట్టే ఉండేది.

(నేనూ నోస్టాల్జియా రాస్తున్నానని మీరు నవ్వుకుంటున్నారు. రాస్తున్నా. తేడా ఏంటంటే, నా దాంట్లో ఎనభై లీటర్ల పాలున్నాయి.)

యెజ్డీలో లోపాలు లేవా? లెక్కలేనన్ని. పెట్రోలులో ఆయిలు చేత్తో కలుపుకోవాలి. పాళ్ళు తప్పితే ఇంజను సీజ్. ఆరెక్స్‌లో ఆయిలు పంపు దాని పని అదే చేసుకుంటుంది, వేరే ట్యాంకులో పోస్తే చాలు. యెజ్డీలో కిక్కరూ గేరు రాడ్డూ ఒకటే. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కరు, కిందికి దించితే గేరు. కొత్తవాడు దాంతో కుస్తీ పడుతుంటే చూడటం పుంగనూరులో మాకు ఉచిత వినోదం. లీటరుకి ముప్పై కిలోమీటర్లిస్తే దండం పెట్టుకోవాలి. బ్రేకుల సంగతికొస్తే రెండూ రెండే, డ్రమ్ బ్రేకులు, ఇప్పటి రోడ్ల మీద, ఇప్పటి లారీల ముందు ప్రాణాంతకం. వర్షంలో తడిసిన డ్రమ్ముని నమ్ముకుని పలమనేరు వైపు దిగువలో ఆరెక్స్‌ని ఎగరేసే పిల్లలు హెల్మెట్ లేకుండా తీసిన రీలుకి మీరు గుండె గుర్తు నొక్కే ముందు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి చాలు.

పొగ మాట కూడా చెప్పాలి. టూ స్ట్రోక్ ఇంజనంటేనే లోపలికొచ్చిన పెట్రోలులో కొంత మండకుండానే బయటికి పోతుంది, ఆయిలు పొగతో కలిసి. ‘ఆ వాసన మా బాల్యం’ అని రాస్తారు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం ఉంది. క్షయ రోగులకి గాలి మంచిదని వందేళ్ళ కిందట మిషనరీలు ఏరికోరి అక్కడ శానిటోరియం కట్టారు. ఆ గాలిలోకి మనం వదిలింది ఆ వాసన. రెండు బండ్లకీ 1996లోనే తెర పడింది. ఆ ఏడే మైసూరు కార్ఖానా మూతపడింది, ఆ ఏడే ఆరెక్స్ తయారీ ఆగింది. పొగ నిబంధనలు బిగుసుకున్నాయి, ఫోర్ స్ట్రోక్ బండ్లు లీటరుకి ఎనభై చూపించాయి. మా ఊళ్ళో ఎవరూ ఏడవలేదు. మైసూరులో ఏడ్చినవాళ్ళున్నారు, ఉద్యోగాలు పోయినవాళ్ళు. క్లాసిక్ అని రాసేవాళ్ళ వాక్యాల్లో వాళ్ళెప్పుడూ ఉండరు.

1996 తర్వాత ఈ బండ్లని బతికించింది ఎవరు? జపాన్ కాదు, చెక్ కాదు. మదనపల్లెలో, పుంగనూరులో, కుప్పంలో రేకుల షెడ్డుల్లో కూర్చున్న మెకానిక్కులు. పుంగనూరులో నాయన బండి చూసే భాయ్ ఒకాయన ఉండేవాడు. స్పేర్లు ఆగిపోయాక ఆయన చేసిన పనులు నేను కళ్ళారా చూశాను. సిలిండరు అరిగితే బోరు చేయించి, వేరే బండి పిస్టన్ తెచ్చి లేతు మీద తరిగి సరిపెట్టేవాడు. బుష్షులు కంచుతో తిప్పించేవాడు. సైలెన్సర్లో మసి పేరుకుంటే విప్పి నిప్పుల్లో కాల్చి, చల్లారాక కొట్టి దులిపేవాడు. పాయింటు గ్యాపు సరిచెయ్యడానికి కొలత పరికరం వాడగా నేను చూడలేదు. ఏదో అట్టముక్క దూర్చి చూసేవాడు, సరిపోయేది. అదే చేత్తో ఆరెక్స్‌లూ చేసేవాడు. ఒకసారి నేనే అడిగాను, ఏది మంచి బండి భాయ్ అని. ‘ఏది నా దగ్గరికి తక్కువ వస్తాదో అది’ అన్నాడు. ‘ఏది తక్కువ వస్తాది?’ అంటే, ‘నీట్‌గా పెట్టుకునేవాడిది’ అన్నాడు. రెండు దేశాల మధ్య పోలిక మీద నేను విన్న అత్యుత్తమ విమర్శ అదే, ఏ పత్రికలోనూ రాలేదు.

ఇప్పుడు ఆయన షెడ్డు లేదు. ఇప్పుడు ఆరెక్స్ ‘రెస్టోరేషన్’ బెంగళూరులో జరుగుతుంది, గాజు తలుపులున్న చోట, ఇంజను బోల్టులకి కూడా క్రోమ్ పూత వేసి. ఒక్కో బండికి లక్షలు. అందులో ఆ చేతికి, ఆ లేతుకి, ఆ అట్టముక్కకి పైసా రాలేదు.

మా ఊరి పేరు దేశమంతా తెలిసింది ఆవు వల్ల. పుంగనూరు ఆవు. మూడడుగుల ఎత్తు, గుప్పెడు మేతతో బతికేది, పాలు తక్కువైనా చిక్కగా ఉండేవి. మా జేజికి ఒకటుండేదని చెబుతారు, నేను చూడలేదు. ఎందుకు పోయింది? పాలకేంద్రాలు లీటర్లకి డబ్బులిచ్చాయి. లీటర్లు కావాలంటే జెర్సీ సంకరం కావాలి. పేదవాడికి తేలికైన ఆవు ఒకప్పుడు దిక్కు, తర్వాత నష్టం. మా నాయన యెజ్డీకి వేలాడిన క్యాన్లలో ఉన్నవి ఆ సంకర ఆవుల పాలే. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో ఓపిగ్గా కాపాడకపోయి ఉంటే ఆ జాతి ఎప్పుడో అంతరించేది. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన ఇంట్లో పుంగనూరు ఆవులకి మేత పెట్టిన ఫోటోలు వచ్చాయి. ఇప్పుడు ఫాంహౌసుల్లో, హాల్లో సోఫా పక్కన నిలబెట్టి సెల్ఫీలు దిగుతున్నారు. లక్షలు పలుకుతోంది. పుంగనూరులో పాలు పోసుకుని బతికేవాడు మాత్రం దాన్ని కొనలేడు.

ఆరెక్స్ కథ వేరేనా? తొంభైల్లో పల్లెల్లో అది అల్లుడికిచ్చే బండి, ఆర్ఎంపీ డాక్టరు బండి, ఫైనాన్సు వసూళ్ళవాడి బండి. పాతబడ్డాక పాతిక వేలకి, పదిహేను వేలకి చేతులు మారింది. అప్పుడు కొని వాడుకున్నవాడికి అది క్లాసిక్ కాదు, కిస్తీ. వాడి చేతుల్లోంచి పూర్తిగా జారిపోయాకే దానికి ఆ పేరొచ్చింది. 2018లో దాని పేరు మీద సినిమా కూడా వచ్చింది. టీవీయస్ ఎక్సెల్ పేరుతో ప్రేమకథ తీసే నిర్మాత కోసం నేను ఎదురుచూస్తున్నా.

నవ్వకండి, తేలిక గురించి మాట్లాడాలంటే మాట్లాడాల్సింది దాని గురించే. కుప్పానికి అంత దూరమేం కాని హోసూరులో 1980 నుంచి తయారైన మోపెడ్ వంశం అది. ఆరెక్స్ కంటే ఎంతో తేలిక. గేర్లు లేవు. ముందు కాళ్ళ దగ్గర ఖాళీ జాగా. ఆ జాగాలో ఎరువు మూట, గ్యాసు బండ, గొర్రెపిల్ల, స్కూలు బ్యాగులతో ఇద్దరు పిల్లలు, ఏదైనా పడుతుంది. మదనపల్లె మార్కెట్టుకి పల్లెల నుంచి టమోటా బుట్టలు దాని మీదే దిగుతాయి. ఆదివారం బోయకొండ గంగమ్మ దగ్గరికి మొగుడూ పెళ్ళామూ కోడిపుంజూ కలిసి దాని మీదే వస్తారు. కుప్పంలో మా పిన్ని పూలు అమ్ముతుంది. నలభై రెండేళ్ళ వయసులో ఆమె నడపడం నేర్చుకున్న మొదటి బండీ చివరి బండీ అదే. పెట్రోలు కర్ణాటకలో చవకని సరిహద్దు దాటి పోయించుకుని వస్తుంది. ఆమెని ఆరెక్స్ గురించి అడిగితే, ‘అది మొగపిల్లోళ్ళది గదా’ అంది. ఆ మూడు మాటల్లో ఉన్నంత విమర్శ నా వ్యాసం మొత్తంలో లేదేమో. తేలిక అంటే మీరు వేగమనుకున్నారు. ఆమె తేలిక అంటే కింద పడితే తనే ఒక్కతే లేపుకోగలగడం అనుకుంది.

ఇంజనీరింగు పరంగా ఇది సరైన పోలిక కాదంటారు. మోపెడ్‌ని మోటారు సైకిలుతో పోలుస్తారా అంటారు. నేను పోలుస్తున్నది యంత్రాలని కాదు, మీ ప్రేమని. ఏ యంత్రం మీద మీకు కవిత వస్తుందో, ఏ యంత్రం మీద జోకు వస్తుందో ఒకసారి విడదీసి చూసుకోండి. కవిత వచ్చిన దాని మీద ఎవరు కూర్చున్నారు, జోకు వచ్చిన దాని మీద ఎవరు కూర్చున్నారు? మా పిన్ని బండి మీద నేను కూడా జోకులే వేశాను చాలా ఏళ్ళు. పైన సినిమా గురించి వేసింది కూడా అదే బాపతు.

ఇక నాయన యెజ్డీ. నాయన పోయాక అది పశువుల కొట్టంలో నాలుగేళ్ళు నిలబడింది. కోళ్ళు దాని సీటు మీద పడుకునేవి. 2016లో బెంగళూరు నుంచి ఒకతను వచ్చాడు, చాలా మర్యాదస్తుడు. అక్క ‘అడ్డంగా ఉంది, అమ్మేయ్’ అంది. మా మేనల్లుడు అప్పుడు చిన్నోడు, స్టార్ట్ కాని బండి ఎందుకు మామా అన్నాడు. పన్నెండు వేలకిచ్చాను. అతను వెనక చట్రాన్ని చూసి, ‘ఇది మాకొద్దు సార్, ఒరిజినల్ కాదు గదా’ అని అక్కడే గ్యాస్ కట్టరుతో కోయించి పారేసి పోయాడు. ఒరిజినల్ కాదట. పద్దెనిమిదేళ్ళు మా ఇంటిని మోసింది ఆ చట్రం. మా అక్క పెళ్ళి, నా ఇంజనీరింగు ఫీజు, రెండూ ఆ కమ్మీల మీద నుంచే వచ్చాయి. అతని లెక్కలో బండి విలువ పెరగాలంటే అది మమ్మల్ని మోసిన గుర్తు చెరిగిపోవాలి. అదొక్కటే చాలు, ఆ క్లాసిక్ అనే మాట మీద నాకెందుకింత కోపమో చెప్పడానికి. అయినా డబ్బులు తీసుకుంది నేను. లెక్కపెట్టి మరీ తీసుకున్నాను.

తర్వాత కొన్నేళ్ళకి అమ్మకానికి పెట్టిన పాత బండ్ల ఫోటోల్లో దాన్ని చూశాను. ట్యాంకు ఎడమ వైపు సొట్ట ఉండాలి, లేదు. నంబరు చూసి గుర్తుపట్టాను. మెరుస్తోంది. కింద రాసి ఉంది: పల్లెటూరి రైతు దగ్గర నిరుపయోగంగా పడి ఉండగా దొరికింది, ఫ్యాక్టరీ స్థితికి తెచ్చాము. ధర రెండు లక్షల పది వేలు.

పోయిన నెల మేనల్లుడు ఫోన్ చేశాడు. టమోటా ధర పడిపోయింది, కోత కూలి కూడా రావట్లేదు. కాయ మార్కెట్టుకి తోలడానికి ఆరెక్స్ వెనక బుట్టలు కట్టి చూశాడట. చౌడేపల్లె రోడ్డు మిట్టలో ముందు చక్రం లేచి, బుట్టలతో సహా పక్కకి పడ్డాడు. మోచేయి చెక్కుకుపోయింది, అంతే. ఇప్పుడు పక్కింటివాళ్ళ ఎక్సెల్ అడిగి తీసుకుపోతున్నాడు. ఆరెక్స్ అమ్మెయ్యమని అక్క పోరుతోంది, వీడు అమ్మనంటున్నాడు. అంతా చెప్పి, చివర్లో అడిగాడు: ‘మామా, తాత బండి కొన్నాడే, ఆయప్ప నంబరుందా నీ దగ్గర? తిరిగి ఇస్తాడేమో అడుగుతా.’

నంబరుంది. వెతికి పంపిస్తా అని చెప్పాను. ఇంకా పంపలేదు.